కుళాయి నీళ్లు, కుందేలు కండ, ట్రోపోనిన్

శ్రోతలకు నమస్కారం.

పోయిన వేసవిలో ఒక రాత్రి మా బాబాయికి ఛాతీలో పట్టేసినట్టుందంటే ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఈసీజీ తీశారు. డ్యూటీ డాక్టరమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చూసి, "ఇందులో పెద్దగా ఏమీ కనిపించడం లేదు. రక్తంలో ట్రోపోనిన్ చూస్తాం. మూడు గంటలాగి ఇంకోసారి చూస్తాం" అని చెప్పి వెళ్లిపోయింది.

బాబాయి నలభై ఏళ్లు ఎరువుల కొట్టు నడిపినవాడు. డబ్బా మీద ఏముందో చదవకుండా ఏ మందూ అమ్మి ఎరగడు. "ట్రోపోనిన్ ఏంట్రా? నువ్వు చెప్పింది ఆ కెమిస్ట్రీయేగా?" అన్నాడు. నేను కాలేజీలో చెప్పింది బయోకెమిస్ట్రీ. ఆ తేడా మా ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ పట్టలేదు. సరే, మూడు గంటలు గడవాలి, ఆయన టెన్షన్ తగ్గాలి. ఆ రాత్రి ఆయనకు చెప్పిన కథనే కాస్త సర్ది ఇవాళ మీకు చెబుతున్నాను.

ట్రోపోనిన్ కండల్లో ఉండే ప్రొటీన్. దాన్ని కనిపెట్టి ఆ పేరు పెట్టినవాడు జపాన్ శాస్త్రవేత్త సెత్సురో ఎబాషి. 1922లో టోక్యోలో పుట్టాడు. టోక్యో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, అక్కడే ఫార్మకాలజీ ప్రొఫెసరయ్యాడు. ఆయన్ని వెంటాడిన ప్రశ్న వినడానికి చాలా చిన్నది. బిగుసుకున్న కండ మళ్లీ ఎలా వదులవుతుంది?

"బిగుసుకోవడమే కదరా కష్టం, వదలడానికేముంది?" అన్నాడు బాబాయి. మనందరికీ అలాగే అనిపిస్తుంది. కానీ అర్ధరాత్రి పిక్కలు పట్టేసినప్పుడు తెలుస్తుంది, వదలడం ఎంత కష్టమో. ప్రాణం పోయిన కొన్ని గంటలకు ఒళ్లు కొయ్యలా బిగుసుకుపోతుంది. కండ వదులుగా ఉండాలన్నా శక్తి ఖర్చవుతుంది. ఏటీపీ అనే ఆ ఇంధనం అయిపోతే కండ ఉన్నచోటే ఉండిపోతుంది.

1950ల్లో కండను రుబ్బి, ఆ రసంతో ప్రయోగాలు చేసేవాళ్లు. ఆ రసంలో కండను వదులు చేసే పదార్థమేదో ఉందని తేలింది. అదేమిటో తేల్చడానికి చాలా ల్యాబులు పోటీపడ్డాయి. కరిగిపోయే ఏదో కొత్త రసాయనం అయి ఉంటుందని ఎక్కువమంది నమ్మకం. ఎబాషి మాత్రం వేరే దారి పట్టాడు. ఆ పదార్థం కొత్తగా ఏమీ ఇవ్వడం లేదు, కండ చుట్టూ ఉన్న కాల్షియాన్ని లాగేసుకుంటోంది, అంతే అన్నాడు.

ఈ మాట చాలామందికి రుచించలేదు. ఎముకల్లో, సున్నంలో ఉండే కాల్షియమా ఇంత సున్నితమైన పని చేసేది? అమెరికాలో హైల్‌బ్రన్ అనే శాస్త్రవేత్త 1940ల్లోనే కాల్షియం మాట ఎత్తితే ఎవరూ పెద్దగా చెవిన పెట్టలేదు. ఎబాషి కాలంలో కూడా గట్టిగా ఆ వైపు నిలబడ్డవాళ్లు తక్కువ. వాళ్లలో అన్నమరీ వేబర్ అనే శాస్త్రవేత్త ముఖ్యురాలు.

నమ్మకపోవడానికి ఒక బలమైన కారణం ఉంది. నాకు ఈ కథలో అన్నింటికంటే ఇష్టమైన భాగం ఇదే. ప్రయోగం చేసేవాళ్లు కాల్షియం వేయకపోయినా వాళ్ల పరీక్ష నాళికల్లో కండ ప్రొటీన్లు చక్కగా బిగుసుకునేవి. ఇంక కాల్షియంతో పనేముంది అనుకున్నారు. అసలు సంగతేమిటంటే, వాళ్లు వాడే నీళ్లలో, ఉప్పుల్లో, గాజు సామానులో అప్పటికే కాల్షియం ఉంది. లీటరుకు గ్రాములో వెయ్యో వంతు కన్నా తక్కువ. కండకు అదే చాలా ఎక్కువ!

మేం కూర్చున్నచోట పక్క మంచం మీద వాంతులతో నీరసించిన పిల్లాడికి సెలైన్ పెట్టారు. బాటిల్ మీద ఆర్‌ఎల్ అని ఉంది. ఆర్ అంటే రింగర్. సిడ్నీ రింగర్ లండన్‌లో డాక్టరు. 1880ల్లో కప్ప గుండెను బయటికి తీసి, ఉప్పునీళ్లలో పెట్టి కొట్టించేవాడు. గుండె బాగానే కొట్టుకుంది. తీరా చూస్తే ఆ ద్రావణం డిస్టిల్డ్ వాటర్‌తో చేసింది కాదు, లండన్ కుళాయి నీళ్లతో చేసింది! సరైన డిస్టిల్డ్ వాటర్‌తో చేసేసరికి గుండె నీరసించి ఆగిపోయింది. కుళాయి నీళ్లలో ఉన్నదేమిటా అని వెతికితే కాల్షియం తేలింది. 1883లో రింగర్ ఆ సంగతి అచ్చువేశాడు. అప్పుడు కుళాయి నీళ్ల పుణ్యాన కాల్షియం బయటపడింది. డెబ్బై ఏళ్లయ్యాక అదే కాల్షియం నీళ్లలో, గాజులో దాక్కుని అందరినీ తప్పుదారి పట్టించింది.

ఎబాషి ఈ చిక్కును ఎలా విప్పాడు? దానికి జవాబు బాబాయి చేతి దగ్గరే ఉంది. నర్సు ఇందాక రక్తం తీసుకున్న గొట్టాల్లో ఒకదానికి ఊదారంగు మూత. అందులో ఈడీటీఏ ఉంటుంది. అది కాల్షియాన్ని ఒడిసి పట్టుకుంటుంది. కాల్షియం లేకపోతే రక్తం గడ్డకట్టదు. అందుకే రక్తకణాలు లెక్కపెట్టే సీబీపీ పరీక్షకు ఆ గొట్టం. ఎబాషి ఇలాంటి పదార్థాలు కొన్ని తీసుకుని వరసగా పరీక్షించాడు. ఏది కాల్షియాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో, అది కండను అంత బాగా వదులు చేసింది. 1960లో ఆ లెక్క అచ్చయింది.

అప్పటికే న్యూయార్క్‌లో ఫ్రిట్జ్ లిప్మన్ అనే బయోకెమిస్టు ల్యాబుకు వెళ్లి, కుందేలు కండ రసంలో ఆ వదులు చేసే పదార్థం ఏమిటో ఎబాషి తేల్చుకున్నాడు. అది కరిగే రసాయనం కానే కాదు. కండ కణంలోని సన్నని పొరల సంచులు. ఏటీపీని ఖర్చుపెట్టి కాల్షియాన్ని లోపలికి తోడేసుకుంటాయి. మోటారు పెట్టి నీళ్లు తోడినట్టు అన్నమాట. జర్మనీలో హాసెల్‌బాఖ్, మకినోసె అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కూడా అదే సమయంలో అదే చూశారు. వదులుగా ఉన్న కండ కణంలో కాల్షియం బయటి ద్రవంలో ఉన్నదానికంటే సుమారు పదివేల రెట్లు తక్కువ. ఆ తేడాను ప్రాణం ఉన్నంతసేపూ నిలబెట్టాలి.

ఇంకో ముడి మిగిలింది. కండలో ముఖ్యమైన ప్రొటీన్లు రెండు, మయోసిన్, యాక్టిన్. రెంటినీ బాగా శుభ్రం చేసి కలిపి ఏటీపీ పోస్తే, విరిగిన పాలలా ముద్దలు కడతాయి. నాళికలో కండ బిగుసుకోవడమంటే అదే. కానీ శుభ్రమైన ప్రొటీన్లు కాల్షియం ఉన్నా లేకపోయినా ముద్దకట్టేశాయి. కండ నుంచి నేరుగా తీసిన మిశ్రమం మాత్రం కాల్షియం ఉంటేనే ముద్దకట్టేది. అంటే శుభ్రం చేయడంలో ఏదో మూడోది కొట్టుకుపోతోంది. శుభ్రత ఎక్కువైనా చిక్కే!

ఆ మూడోది ఉందని 1963లో ఎబాషి చెప్పాడు. మర్నాడే కాదు గానీ మరుసటి ఏడే భార్య ఫుమికోతో కలిసి ఆ పని ముందుకు తీసుకెళ్లాడు. ఆవిడా ఆ ల్యాబులో శాస్త్రవేత్తే. 1965లో అయాకో కొదామాతో కలిసి అందులోంచి ఒక కొత్త ప్రొటీన్‌ను విడదీశాడు. అదే ట్రోపోనిన్. కాల్షియాన్ని పట్టుకునేది అదే. రెండేళ్లకు ఆయన బృందమే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూపించింది, యాక్టిన్ దారం పొడవునా ట్రోపోనిన్ సమాన దూరాల్లో, తాడుకు ముళ్లు వేసినట్టు ఉంటుందని.

పని తీరు ఇదీ. కాల్షియం లేనప్పుడు ట్రోపోనిన్ దాని తోటి ప్రొటీన్‌తో కలిసి యాక్టిన్‌కు గడియ వేస్తుంది. నరం నుంచి కబురు రాగానే సంచుల్లోని కాల్షియం బయటికొచ్చి ట్రోపోనిన్‌కు అతుక్కుంటుంది. గడియ పక్కకు జరుగుతుంది, మయోసిన్ యాక్టిన్‌ను పట్టి లాగుతుంది. సంచులు కాల్షియాన్ని తోడేయగానే గడియ మళ్లీ పడుతుంది. నేను ఈ మాట చెబుతున్న ఈ క్షణంలో నా నాలుకలో జరుగుతున్నది ఇదే.

కాల్షియాన్ని పట్టుకునే ఆ చోటు ఎలా ఉంటుందంటే, కుడిచేతి చూపుడువేలు, బొటనవేలు చాచి, మధ్యవేలు మడవండి. చాచిన వేళ్ల స్థానంలో ప్రొటీన్ మెలికలు రెండు, మడత దగ్గర కాల్షియం. 1973లో అమెరికాలో రాబర్ట్ క్రెట్సింగర్ ఈ చేయి పోలిక చెప్పాడు. ఆయన దాన్ని మొదట చూసింది మన చెరువుల్లో పెంచే బంగారుతీగ చేప కండ ప్రొటీన్‌లో. ట్రోపోనిన్‌లో కాల్షియం పట్టే ముక్కలోనూ ఈ చేతులే ఉన్నాయి.

ఎబాషికి నోబెల్ రాలేదు. వచ్చి ఉండాల్సిందని నా అభిప్రాయం. ఆయన చేసిన ఇంకో పని మాత్రం మనకు బాగా దగ్గరిది. 1959లో, పిల్లల కండలు క్రమంగా క్షీణించే మస్క్యులర్ డిస్ట్రఫీ జబ్బులో రక్తంలో సీకే అనే ఎంజైమ్ బాగా పెరుగుతుందని ఆయన, తోటివాళ్లు చూపించారు. ఇప్పటికీ ఆ పిల్లలకు మొదట చేసే పరీక్షల్లో అదొకటి. ఆ ఎంజైమ్ పనిచేసేది ఫాస్ఫోక్రియాటిన్ అనే, కండలో శక్తిని దాచి ఉంచే పదార్థం మీద. దాన్ని 1927లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కనిపెట్టింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఇది చెప్పగానే బాబాయి లేచి కూర్చున్నాడు. "మన సుబ్బారావే!" అన్నాడు, ఏదో పెళ్లిలో చుట్టం కలిసినట్టు.

ఇక బాబాయి రక్తంలో వెతుకుతున్నదేమిటంటే, ట్రోపోనిన్‌లో మూడు ముక్కలున్నాయి. సీ, ఐ, టీ. కాల్షియం పట్టేది సీ. పరీక్షలో చూసేది మాత్రం ఐ లేదా టీ. ఎందుకంటే గుండెలోని సీ ముక్కే మామూలు కండల్లోనూ కొన్నింట్లో ఉంటుంది. ఐ, టీ మాత్రం గుండెవి వేరుగా గుర్తుపట్టవచ్చు. గుండె కండ దెబ్బతింటే అవి రక్తంలోకి కారతాయి. కారడానికి కొంత టైం పడుతుంది, అందుకే రెండోసారి.

రాత్రి రెండున్నర దాటాక రెండో రిపోర్టు వచ్చింది. అంకె పెరగలేదు. గ్యాస్ అయి ఉంటుంది, అయినా పొద్దున కార్డియాలజిస్టుకు చూపించుకుని వెళ్లమంది డాక్టరమ్మ. బాబాయి ఆ కాగితం అడిగి తీసుకున్నాడు, కళ్లజోడు పెట్టుకుని, పేరు పక్కన అంకె, అంకె పక్కన యూనిట్లు వేలితో చూసుకుంటూ చదివాడు. "ఇందులో ఆ జపాన్ ఆయన పేరు లేదేంట్రా?" అన్నాడు.

నమస్కారం.