బేస్ ఎక్కడ? రీజినల్ ఎయిర్‌లైన్ ఎంచుకునే ముందు ఒక కెప్టెన్‌తో కబుర్లు

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ వారం ఎపిసోడ్ పూర్తిగా నా స్వార్థం కోసమే. నేను డాలస్‌లో ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్‌ని, లాగ్‌బుక్‌లో 1,380 గంటలున్నాయి. ఎయిర్‌లైన్‌కి కావాల్సిన 1,500 దాటగానే ఏదో ఒక రీజినల్‌లో, అంటే పెద్ద కంపెనీల తరఫున చిన్న విమానాలు నడిపే ఎయిర్‌లైన్‌లో, చేరాలి. రెండు ఆఫర్లు చేతిలో పెట్టుకుని నెల రోజులుగా ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. అందుకే రీజినల్ జెట్ నడిపే ఒక కెప్టెన్ అక్కను పట్టుకొచ్చాను. పేరు, కంపెనీ చెప్పకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు. అక్కా, బాగున్నారా?

కెప్టెన్: బాగున్నా తమ్ముడూ. పిల్లలు ఇప్పుడే పడుకున్నారు, కాస్త మెల్లగా మాట్లాడతా. ఆ రెండు ఆఫర్లేంటి?

హోస్ట్: ఒకదానికి ఇక్కడే డాలస్‌లో బేస్, అంటే పైలట్ డ్యూటీ మొదలుపెట్టే ఊరు, ఉంది. చేరినందుకు బోనస్ మాత్రం లేదు. రెండోది బోనస్ బాగా ఇస్తోంది, కెప్టెన్‌గా అప్‌గ్రేడ్ కూడా త్వరగా వస్తుందంటున్నారు. కానీ బేస్ న్యూయార్క్.

కెప్టెన్: అయిపోయింది ఎపిసోడ్. డాలస్‌లో చేరు.

హోస్ట్: అక్కా, ఇంకా బోలెడు టైముంది!

కెప్టెన్: సరే, నా సంగతి చెప్తా విను. నేనూ బోనస్ చూసే చేరాను. బేస్‌కీ ఇంటికీ మధ్య విమానంలో మూడు గంటలు. కొత్తవాళ్లం కదా, రిజర్వ్‌లో పడేశారు, అంటే మన ట్రిప్పులంటూ ఉండవు, పిలిస్తే వెళ్లాలి. మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికి షార్ట్ కాల్, అంటే ఫోన్ రాగానే బయల్దేరాల్సిన డ్యూటీ, మొదలైతే సోమవారం మధ్యాహ్నమే ఇల్లు వదలాలి. జంప్‌సీట్, అంటే సిబ్బందికి ఇచ్చే అదనపు సీటు, దొరికితే సరే, దొరక్కపోతే తర్వాతి ఫ్లైట్, అదీ నిండితే ఆ తర్వాతిది. చివరికి క్రాష్‌ప్యాడ్, అంటే పైలట్లు పంచుకునే అద్దె ఇల్లు, చేరితే ఎనిమిది మంచాలు, నాది పై మంచం. అంత కష్టపడి వెళ్లాక నాలుగు రోజులు ఫోన్ మోగదు! ఖాళీగా కూర్చుని, మళ్లీ జంప్‌సీట్ వేట మొదలు.

హోస్ట్: నెలకు ఎన్ని రోజులు పోతాయి అలా?

కెప్టెన్: నాలుగు ట్రిప్పులనుకో. ముందు రోజు వెళ్లాలి, ఒక్కోసారి మర్నాడు గానీ ఇల్లు చేరలేవు. నాలుగు నుంచి ఎనిమిది రోజులు. ఆ రోజులకు జీతం లేదు, పైగా క్రాష్‌ప్యాడ్ అద్దె మనమే కట్టుకోవాలి. నాకు రెండేళ్లలో ఆ బోనస్ మొత్తం దానికే చెల్లిపోయింది.

హోస్ట్: ఇది అలసట విషయం కూడా కదా.

కెప్టెన్: మరే. నువ్వు లెక్కపెట్టుకుంటున్న ఆ 1,500 గంటల రూల్ ఎక్కడి నుంచి వచ్చింది? 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407 కూలింది, 50 మంది పోయారు. వేగం తగ్గి విమానం గాల్లో నిలవలేదని చెప్పే స్టాల్ హెచ్చరికకు కెప్టెన్ తప్పుగా స్పందించడమే కారణమని దర్యాప్తులో తేల్చారు. కానీ ఆ విమానం ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, సియాటిల్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి నెవార్క్‌లో డ్యూటీకొచ్చింది. పైలట్ల కమ్యూటింగ్, అంటే ఇంటి నుంచి దూరంగా ఉన్న బేస్‌కి వెళ్లిరావడం, గురించి అమెరికా అంతా గట్టిగా మాట్లాడుకున్నది అప్పుడే.

హోస్ట్: ఏవియేషన్ డిగ్రీ ఉన్నవాళ్లు 1,000 గంటలకే వెళ్లిపోతున్నారు. నేనేమో కంప్యూటర్స్ చదివి 1,500 దాకా చెమటోడుస్తున్నా.

కెప్టెన్: గుర్తింపున్న కాలేజీలో అయితేనే ఆ 1,000. పోన్లే, ఇన్‌స్ట్రక్టర్‌గా నేర్చుకున్నది ఎక్కడికీ పోదు.

హోస్ట్: మరి జీతం సంగతి?

కెప్టెన్: ఇప్పుడు అది పెద్ద సమస్య కాదు. 2022లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సొంత రీజినల్స్ మొదటి ఏడాది ఎఫ్‌ఓకి, అంటే ఫస్ట్ ఆఫీసర్‌కి, గంటకు 90 డాలర్లు చేశాయి, మిగతావాళ్లూ పెంచక తప్పలేదు. నెలకు 75 గంటల గ్యారంటీ ఉందనుకుంటే ఏడాదికి 81,000. బోనస్ కాగితం మాత్రం చదవకుండా సంతకం పెట్టకు. గడువుకు ముందే మానేస్తే తిరిగి కట్టాలి. కొన్ని కాంట్రాక్టుల్లో పన్ను పోగా చేతికొచ్చింది కాదు, పన్నుకు ముందున్న మొత్తం అడుగుతారు.

హోస్ట్: అది చూడలేదు అక్కా.

కెప్టెన్: ఇవాళే చూడు. బేస్ తర్వాత నేను చూసేది, ఆ కంపెనీ ఎవరిది అని. ఎన్వాయ్, పీఎస్‌ఏ, పీడ్‌మాంట్ అమెరికన్‌వి. ఎండెవర్ డెల్టాది. హొరైజన్‌ది అలాస్కా గ్రూపు. స్కైవెస్ట్, రిపబ్లిక్ లాంటివి ఏ పెద్ద కంపెనీ సొంతమూ కాదు, ముగ్గురు నలుగురికి కాంట్రాక్టు మీద ఎగురుతాయి. విమానం మీద పెద్ద కంపెనీ రంగులుంటాయి, టికెట్లూ వాళ్లే అమ్ముకుంటారు, మన కంపెనీకి నడిపినందుకు కూలి. ఆ కాంట్రాక్టు పోయి కంపెనీ మూతపడిందా, మన సీనియారిటీ నంబరూ, అంటే చేరిన వరుసలో మన స్థానమూ, పోయినట్టే.

హోస్ట్: ఎక్స్‌ప్రెస్‌జెట్‌కి జరిగింది అదే కదా?

కెప్టెన్: అవును. ఒకప్పుడు దేశంలో పెద్ద రీజినల్స్‌లో ఒకటి. 2020లో యునైటెడ్ తన ఈఆర్‌జే 145 జెట్లన్నీ కమ్యూట్‌ఎయిర్‌కి ఇచ్చేసింది, సెప్టెంబరు 30తో ఎక్స్‌ప్రెస్‌జెట్ ఆ పని ఆగిపోయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో కంపాస్, ట్రాన్స్ స్టేట్స్ మూతపడ్డాయి. ఇరవై ఏళ్ల అనుభవమున్న కెప్టెన్ ఇంకో చోట చేరితే క్లాసులో మొన్న చేరిన కుర్రాడి పక్కన కూర్చోవాలి. నంబరు వెంట రాదు తమ్ముడూ, అదే ఈ వృత్తిలో క్రూరత్వం.

హోస్ట్: అయితే పెద్ద కంపెనీ సొంత రీజినల్, ఫ్లో ఉన్నదే మేలంటారా?

కెప్టెన్: ఫ్లో మంచిదే. అంటే ఇంటర్వ్యూ లేకుండా మెయిన్‌లైన్‌కి, ఆ పెద్ద కంపెనీకే, పంపుతారు. కానీ నెలకు ఎంతమందిని తీసుకుంటారన్నది పైవాళ్ల చేతిలో ఉంటుంది. 2020లో హైరింగ్ ఆగితే ఫ్లో కూడా ఆగింది. అది ఉంది కదా అని వేరేచోట్ల అప్లికేషన్లు పెట్టడం మానకు.

హోస్ట్: అప్‌గ్రేడ్ త్వరగా రావడం మాత్రం లాభమే కదా?

కెప్టెన్: రిక్రూటర్ చెప్పే అప్‌గ్రేడ్ టైమ్ పంచాంగంలో వర్షం లాంటిది. పైగా ఎయిర్‌లైన్‌లో ఎఫ్‌ఓగా 1,000 గంటలు చేయనిదే నీలాంటివాళ్లు కెప్టెన్ కాలేరు, రిజర్వ్‌లో ఫోన్ మోగకుండా కూర్చుంటే ఆ గంటలెప్పుడు పూర్తవుతాయి? అయినా భుజాన కెప్టెన్ నాలుగు గీతలు పడ్డ రోజు కెప్టెన్లందరిలో జూనియర్‌వి నువ్వే. మళ్లీ రిజర్వ్, మళ్లీ పండగలన్నీ పని. నేను అప్‌గ్రేడ్ తీసుకుని ఏడాది బాధపడ్డా. ఎఫ్‌ఓగానే ఉండుంటే వారాంతాలు ఇంట్లో గడిపేదాన్ని.

హోస్ట్: విమానం ఏదైతే మంచిది? ఎంబ్రాయర్ ఈ175 జెట్ అంటే నాకు మోజు.

కెప్టెన్: దాని కాక్‌పిట్ హాయిగా ఉంటుంది, నిజమే. దాన్ని చూసి మాత్రం చేరకు.

హోస్ట్: శ్రోతల్లో ఒకరు గ్రీన్‌కార్డ్ లేకుండా అవుతుందా అని అడిగారు.

కెప్టెన్: స్పాన్సర్‌షిప్ లేకుండా అమెరికాలో పనిచేసే హక్కు ఉండాలని చాలా కంపెనీలు అప్లికేషన్‌లోనే అడుగుతాయి. శిక్షణకు డబ్బు పోసేముందే అది చూసుకోమను.

హోస్ట్: నా సంగతికొస్తే, డాలస్ బేస్ ఉంది సరే, కొత్తవాళ్లకు ఇస్తారా?

కెప్టెన్: శభాష్, అదీ అడగాల్సింది. రిక్రూటర్‌ని కాదు, అక్కడ రిజర్వ్‌లో ఉన్న ఎఫ్‌ఓని పట్టుకో. డాలస్‌లో అందరికన్నా జూనియర్ ఎప్పుడు చేరాడు, లైన్, అంటే రిజర్వ్ కాకుండా ముందే తెలిసే నెల షెడ్యూల్, దొరికినవాళ్లలో జూనియర్ ఎప్పుడు చేరాడు, ఈ రెండు తేదీలు చాలు. ఆరు నెలలు వేరే ఊళ్లో ఉండి డాలస్ వస్తుందంటే కళ్లు మూసుకుని చేరు. మూడేళ్లంటే మళ్లీ నాకు ఫోన్ చెయ్, అప్పుడు న్యూయార్క్ గురించి మాట్లాడదాం.

హోస్ట్: అలాంటి ఎఫ్‌ఓ ఒకడు తెలుసు. రేపు పొద్దున్నే ఫోన్ చేస్తా.

కెప్టెన్: పొద్దున్నే వద్దురా! షెడ్యూలింగ్ వాళ్లనుకుని పాపం గుండె ఆగిపోతుంది. మధ్యాహ్నం చెయ్.