తిరిగొచ్చిన ప్యాకెట్‌లో ఉన్నది మన చీరేనా?

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: ఆన్‌లైన్‌లో చీరలు, కుర్తీలు అమ్మే విక్రేత, విక్రేతల ఖాతాలు, రిటర్న్‌లు చూసే అకౌంట్ మేనేజర్, వినియోగదారుల కేసులు చూసే న్యాయవాది.)

యాంకర్: నమస్కారం. పట్టు చీర పంపితే పాత నైలాన్ చీర తిరిగొచ్చింది, కుర్తీ పంపితే ఖాళీ కవర్ వచ్చింది... ఆన్‌లైన్‌లో బట్టలు అమ్మేవాళ్ళు నలుగురు కలిస్తే వచ్చే మాటే ఇది. మేడం, రిటర్న్ ప్యాకెట్ విప్పగానే మొదట ఏం చూడాలి?

విక్రేత: విప్పాక కాదండి, విప్పకముందే తూకం వెయ్యాలి. 620 గ్రాములతో వెళ్ళిన ప్యాకెట్ 410తో వచ్చిందంటే కత్తెర పెట్టకముందే సంగతి తెలిసిపోతుంది. ఒక్కో గ్రాము చూపించే వంటింటి డిజిటల్ కాటా చాలు. పది పదిహేను గ్రాముల తేడాకి కంగారు పడక్కర్లేదు. నూలు చీర వానాకాలంలో తేమ పీలుస్తుంది, పై కవర్ మారి ఉండొచ్చు. వందల్లో తేడా ఉంటేనే అనుమానం.

యాంకర్: బరువు సరిపోయింది, చీరా మనదే. కానీ కట్టుకుని పంపారేమో అని అనుమానం. ఎలా తెలుస్తుంది?

విక్రేత: చీరే చెప్తుందండి. భుజం దగ్గర, కుచ్చిళ్ళ దగ్గర పిన్నీసు రంధ్రాలు చూడండి. కొంగు చివర పసుపో కుంకుమో అంటి ఉంటుంది. కొత్త నూలు చీరకు గంజి బిరుసు ఉంటుంది కదా, ఒక్క పూట కట్టినా అది నలిగిపోతుంది. మళ్ళీ మన మడతలోకి రాదు. ఫాల్ కుట్టి విప్పితే అంచు వెంట సూది జాడ వరసగా కనపడుతుంది. కుర్తీకైతే చంకల దగ్గర తెల్లటి చారలు, మెడ దగ్గర పౌడర్ మరక. వరలక్ష్మీ వ్రతం దాటిన వారంలో వచ్చే రిటర్న్‌లకి ఈ పరీక్షలన్నీ తప్పకుండా చెయ్యాలి.

యాంకర్: మరి కట్టకుండా ఆపే మార్గం?

విక్రేత: ట్యాగ్ వేసే చోటు మార్చాలి. చాలామంది లోపలి చెంగుకి ట్యాగ్ వేస్తారు. అది కుచ్చిళ్ళలో దోపేస్తే కనపడదు, చీర కట్టేసుకోవచ్చు. కొంగు పైవైపున, అందరికీ కనపడేచోట, అరచేతి సైజు ట్యాగ్ ప్లాస్టిక్ లాక్‌తో వెయ్యాలి. దాంతో ఫంక్షన్‌కి వెళ్ళలేరు. కుర్తీకి ముందు మెడ పక్కన. లాక్ ఒకసారి తెగితే మళ్ళీ అతకని రకం కావాలి. దాని మీద నంబరు ఉంటే ఇంకా మేలు, ఆ నంబరు బిల్లు మీద కూడా రాయాలి. లాక్ సూది మాత్రం కుట్టు సందులోంచే పోవాలండీ. పట్టు మీద నేరుగా గుచ్చితే ఆ రంధ్రానికే "డ్యామేజ్" అని రిటర్న్ పెడతారు.

అకౌంట్ మేనేజర్: ఇక్కడ ఒక మాట కలపాలి. కొనేవాళ్ళు రిటర్న్ పెట్టేటప్పుడు కారణం ఎంచుకుంటారు చూశారా, అక్కడే సగం తగువు. మీషోలో ఒకే చీరకి రెండు ధరలు కనపడొచ్చు. అన్ని రిటర్న్‌లూ ఉన్నది ఎక్కువ ధర. తప్పు ఐటెం వచ్చినా, పాడైనది వచ్చినా మాత్రమే రిటర్న్ ఇచ్చేది తక్కువ ధర. తక్కువ ధరకి కొన్నాక రంగు నచ్చలేదనుకోండి, "నచ్చలేదు" అంటే తీసుకోరు. కాబట్టి "వేరే ఐటెం వచ్చింది" అని నొక్కుతారు. కొన్నవాళ్ళకి అది చిన్న అబద్ధం. మన ఖాతాలో మాత్రం తప్పు సరుకు పంపినట్టు నమోదవుతుంది. అమెజాన్‌లో ఆర్డర్ డిఫెక్ట్ రేటు, అంటే ఫిర్యాదులొచ్చిన ఆర్డర్ల వాటా, 1 శాతం దాటకూడదు. చిన్న విక్రేతకి ఆ గీత దాటడానికి ఎన్నో ఫిర్యాదులు అక్కర్లేదు.

యాంకర్: అంటే తిరిగొచ్చేవన్నీ మోసాలేనా?

అకౌంట్ మేనేజర్: కాదు. ఆ మాట గట్టిగా చెప్పాలి. ప్యాకెట్‌లో వేరే బట్ట వస్తే కొన్నవాళ్ళే మార్చారని అనేస్తాం. రిటర్న్‌లు కుప్పగా పడే కొరియర్ గోడౌన్‌లో, అదే హబ్‌లో, చిరిగిన కవర్లని కొత్త కవర్లో వేసి లేబుల్ అంటిస్తారు. అక్కడే రెండు ప్యాకెట్లు తారుమారవుతాయి. కొత్త కవర్, కొత్త టేపు, మీరెప్పుడూ అమ్మని బ్రాండు కుర్తీ కనపడితే హబ్‌నే అనుమానించండి. మీ కవర్‌నే ఒక పక్క జాగ్రత్తగా కోసి టేపు వేసి, మీ ట్యాగ్‌నే పాత చీరకి కట్టి పంపితే అది తెలిసి చేసిన పని. క్లెయిమ్‌లో ఈ రెండూ వేరువేరుగా రాయాలి. ఇక మూడోది: పార్శిల్ అసలు రాలేదు, ప్యానెల్‌లో, అంటే మన విక్రేత ఖాతా పేజీలో మాత్రం "రిటర్న్ డెలివర్డ్" అని ఉంటుంది. డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే, అయినా ఎవరూ గమనించరు.

విక్రేత: అది మన తప్పే ఎక్కువండి. డెలివరీ అబ్బాయి 30 ప్యాకెట్ల బస్తా దించి ఒక్క ఓటీపీ అడుగుతాడు, తొందరలో చెప్పేస్తాం. లెక్కపెట్టి, ప్రతి లేబుల్ మీదా ఏడబ్ల్యూబీ నంబరు, అంటే కొరియర్ ట్రాకింగ్ నంబరు, ఫోన్‌తో స్కాన్ చేసి, అతని లిస్టుతో సరిచూశాకే ఓటీపీ చెప్పాలి. చిరిగిన ప్యాకెట్ ఉంటే అతని షీట్ మీదే "ఓపెన్ అయి వచ్చింది" అని రాయించుకుని ఫోటో తియ్యాలి. విసుక్కుంటాడు, నిజమే. ఐదు నిమిషాల పని.

యాంకర్: వీడియో సంగతికి వద్దాం. అందరూ వీడియో తీస్తున్నామంటారు, అయినా క్లెయిమ్ తిరస్కరిస్తున్నారు. ఎందుకని?

అకౌంట్ మేనేజర్: వీడియో మధ్యలో తెగుతుంది కాబట్టి. ప్యాకెట్ ఒక క్లిప్, లోపలి బట్ట ఇంకో క్లిప్ అయితే రెండూ ఒకటేనని చూసేవాడు ఎందుకు నమ్మాలి? ప్యాకెట్ ఆరు వైపులా, లేబుల్ బార్‌కోడ్ చదవగలిగేంత దగ్గరగా, టేపు, కాటా మీద బరువు, ఆ తర్వాత కత్తెర... ఇదంతా ఒకే క్లిప్‌లో. బట్టని ఫ్రేమ్ బయటికి తీసుకెళ్ళకూడదు. చాలామంది బట్ట విదిలించి పక్కన పెడతారు, అక్కడితో ఆ సాక్ష్యం పోయినట్టే. ఫోన్‌ని చేత్తో పట్టుకోవద్దు. బల్లకి పైన స్టాండుకి బిగించి కిందికి చూసేలా పెట్టండి.

విక్రేత: అసలు ముఖ్యమైనది పంపేటప్పటి వీడియో. అది లేకుండా తిరిగొచ్చిన వీడియో ఒక్కటే పెడితే, "మీరే పాతది పంపారేమో" అంటారు. పంపేటప్పుడు చీర రెండు వైపులా, ట్యాగ్ నంబరు, కాటా, కవర్లో పెట్టడం, సీలు, లేబుల్ అంటించడం. లేబుల్ అంటించేది కెమెరా ముందే అయితే మేలు. ఎక్కువమంది ముందే లేబుల్ అంటించిన కవర్లో చీర తోస్తారు. అదైనా ఫర్వాలేదు, లేబుల్ మాత్రం కనపడాలి.

యాంకర్: రోజుకి 40 ఆర్డర్లుంటే ఇన్ని వీడియోలు ఎక్కడ దాచాలి?

అకౌంట్ మేనేజర్: 720పీ చాలు. నిమిషానికి సుమారు 50 ఎంబీ, ప్యాకింగ్ వీడియో ఒక్కోటి నిమిషం అనుకుందాం. రోజుకి 2 జీబీ, మూడు నెలలకి 180 జీబీ. ఒక టీబీ హార్డ్‌డిస్క్ కొంటే సంవత్సరం పైన సరిపోతుంది. ఫైలు పేరు ఏడబ్ల్యూబీ నంబరే ఉండాలి. "చీర కొత్తది 2" అని పెట్టుకుంటే రెండు నెలల తర్వాత దొరకదు. క్లెయిమ్‌లో లింకు ఇవ్వాల్సొస్తే, లింకు ఉన్న ఎవరైనా చూసేలా అనుమతి పెట్టారో లేదో వేరే ఫోన్‌లో తెరిచి చూడండి. తెరుచుకోని లింకు పెట్టి ఓడిపోయినవాళ్ళు తక్కువేం కాదు.

యాంకర్: క్లెయిమ్ ఎక్కడ పెట్టాలి?

అకౌంట్ మేనేజర్: నష్టపరిహారం అడిగే చోటుకి అమెజాన్‌లో సేఫ్-టి క్లెయిమ్ అని పేరు, ఫ్లిప్‌కార్ట్‌లో ఎస్‌పీఎఫ్, అంటే సెల్లర్ ప్రొటెక్షన్ ఫండ్, మీషోలో సప్లయర్ ప్యానెల్ టికెట్. ప్రతిచోటా గడువు ఉంటుంది. అది మారుతూ ఉంటుంది కాబట్టి ప్యానెల్‌లో చూసుకోవాలి. అసలు సూత్రం ఒకటే. వచ్చిన రోజే విప్పాలి. గడువు రిటర్న్ చేరిన రోజు నుంచి నడిస్తే, మీరు ఆదివారానికి కుప్ప పోసి విప్పుతామంటే సగం రోజులు అప్పటికే పోయి ఉంటాయి.

యాంకర్: చిన్న మొత్తాలకి ఇంత కష్టం దండగ అనే వాళ్ళున్నారు.

విక్రేత: లెక్క వేద్దాం. కుర్తీ అమ్మకం ధర 450, కొన్నది 280, ప్యాకింగ్ 8, రిటర్న్ కొరియర్ కోత 150 అనుకోండి. కుర్తీ బాగానే తిరిగొచ్చినా 158 పోయింది. కుర్తీ కూడా పోతే 438. ఖర్చులన్నీ పోను ఒక్కో అమ్మకానికి 70 మిగుల్తుందనుకుంటే, ఆ ఒక్క ప్యాకెట్ ఆరు అమ్మకాల లాభాన్ని మింగేసింది. మూడు నిమిషాల వీడియో దండగా?

న్యాయవాది: పన్ను సంగతి కూడా ఉంది. రిటర్న్‌కి క్రెడిట్ నోట్ వేసి అమ్మకాన్ని తగ్గించుకుంటారు. పోయిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ని, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి తీసుకున్న తగ్గింపుని, మాత్రం వెనక్కి కట్టాలి, జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) అదే చెప్తుంది. మనకిచ్చే డబ్బులోంచి ప్లాట్‌ఫారం ముందే మినహాయించే పన్ను, టీసీఎస్, 2024 జులై 10 నుంచి 0.5 శాతం. అది రిటర్న్‌లు పోను నికర అమ్మకం మీదే లెక్క. ఆ కోత సరిగ్గా ఉందో లేదో నెలకోసారైనా సరిచూడాలి.

యాంకర్: సార్, "నో రిటర్న్, నో ఎక్స్చేంజ్" అని ఇన్‌స్టాగ్రామ్ పేజీల మీద పెద్దక్షరాలతో రాస్తారు. చెల్లుతుందా?

న్యాయవాది: రంగు నచ్చలేదు, మనసు మారింది అనే వాటికి చెల్లుతుంది, ముందే చెప్పి ఉంటే. లోపం ఉన్న వస్తువుకి చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకు వెనక్కి తీసుకోనని అనడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులు. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు ప్లాట్‌ఫారాల మీద అమ్మేవాళ్ళకీ ఇదే చెప్పాయి. వస్తువు వివరణకి తగ్గట్టు లేకపోతే తిరస్కరించకూడదు. "అన్‌బాక్సింగ్ వీడియో లేకపోతే మాట్లాడేది లేదు" అని కూడా రాస్తున్నారు. వీడియో అడగడం న్యాయమే. అదొక్కటే ప్రమాణం అంటే వినియోగదారుల కమిషన్ ముందు నిలబడటం కష్టం. చీర మీద కన్నం ఫోటోలో స్పష్టంగా ఉంటే కమిషన్ దాన్ని చూస్తుంది.

యాంకర్: కన్నం అన్నారు కాబట్టి... చేనేతలో మగ్గం మీదే కొన్ని గుర్తులు పడతాయి కదా?

విక్రేత: సరిగ్గా దాని గురించే చెప్పాలనుకున్నా. మగ్గం మీద బట్ట వెడల్పు తగ్గకుండా రెండు వైపులా సూదులతో బిగిస్తారు. అంచు వెంట ఆ సూది గుర్తులు ఉంటాయి. పోగు తెగితే ముడి వేస్తారు, అది బుడిపెలా తగుల్తుంది. పోచంపల్లి ఇక్కత్‌లో రంగు హద్దు దగ్గర పలచగా చెదిరినట్టుంటుంది. నేత తెలిసినవాళ్ళకి అది చేత్తో నేసిన గుర్తు. తెలియనివాళ్ళకి డ్యామేజ్. కాబట్టి అంచు దగ్గరి సూది గుర్తుల ఫోటో ఒకటి లిస్టింగ్‌లోనే పెట్టండి, కింద రెండు వాక్యాలు రాయండి. తర్వాత "లోపం" అని రిటర్న్ పెడితే ఆ పేజీ స్క్రీన్‌షాట్ పనికొస్తుంది. ఇంకొకటి, "బ్లౌజ్ రాలేదు" అనే ఫిర్యాదు. జాకెట్టు ముక్క చీరకే కలిసి ఉంటుంది, చీర విప్పి చివరిదాకా చూడరు. "మొత్తం 6.3 మీటర్లు, చివరి 80 సెంటీమీటర్లు బ్లౌజ్, కత్తిరించి వేరు చేసుకోవాలి" అని లిస్టింగ్‌లోనూ, ప్యాకెట్‌లో ఒక చీటీ మీదా రాస్తే ఆ ఫిర్యాదు దాదాపు ఆగిపోతుంది.

యాంకర్: పట్టు బదులు ఆర్ట్ సిల్క్, అంటే కృత్రిమ పట్టు, తిరిగొస్తే?

విక్రేత: అసలు పట్టు అని చెప్పే సిల్క్ మార్క్ హోలోగ్రామ్ లేబుల్ మీద నంబరు ఉంటుంది, అది ప్యాకింగ్ వీడియోలో కనపడాలి. లేబుల్ ఒక్కటే తెంపి పాలిస్టర్ చీరకి కట్టే అవకాశం కూడా ఉంది కాబట్టి లోపలి చెంగు మూల వేరే రంగు దారంతో రెండు సెంటీమీటర్ల కుట్టు వేసుకోండి. మనకి తప్ప ఎవరికీ అర్థం కాదు. అనుమానం తీరకపోతే చివరి పోగు లాగి కాల్చండి. పట్టైతే వెంట్రుక కాలిన వాసన, నలిపితే పొడి. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగుల్తుంది.

యాంకర్: కేసు పెట్టొచ్చా సార్?

న్యాయవాది: తెలిసి మార్చి పంపడం మోసమే. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 వర్తిస్తుంది. 450 రూపాయల కుర్తీకి స్టేషన్‌కి వెళ్ళమని చెప్పను. ఒకే చిరునామా నుంచి మళ్ళీ మళ్ళీ జరిగితే అన్నీ కలిపి ఒక ఫైలు చెయ్యండి. వీడియోలు కోర్టుకి వెళ్ళాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి, అందుకే అసలు ఫైలు చెరపకండి. వాట్సాప్‌లో పంపుకుంటే కుదించేస్తుంది. ఒకటి మాత్రం చెయ్యొద్దు. కోపంలో కొన్నావిడ పేరు, ఫోటో, ఫోన్ నంబరు పేజీలో పెట్టేస్తున్నారు. అప్పుడు పరువు నష్టం కేసు మీ మీదే పడుతుంది.

యాంకర్: అమెరికాలో మనవాళ్ళకి పంపేవారి సంగతి?

అకౌంట్ మేనేజర్: పేపాల్ ద్వారా డబ్బు తీసుకుంటే కొన్నవాళ్ళు 180 రోజుల వరకూ వివాదం పెట్టొచ్చు. 750 డాలర్లు, ఆపైన ఉంటే సంతకం తీసుకునే డెలివరీ లేకపోతే విక్రేతకి రక్షణ ఉండదు. 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్ల లోపు పార్శిళ్ళకి ఉన్న సుంకం మినహాయింపు కూడా పోయింది. సుంకం కట్టమనేసరికి పార్శిల్ వద్దంటున్నారు. సుంకం ఎవరు కట్టాలో ఆర్డర్‌కి ముందే చాట్‌లో రాయించుకోండి.

యాంకర్: ఫోన్‌లో ధర్మవరం నుంచి ఒకరున్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. చీర పంపితే పాత చీర వచ్చింది. తిరిగొచ్చినప్పుడు వీడియో తీశాను. పంపినప్పుడు తియ్యలేదు. ఏమైనా చెయ్యొచ్చా?

అకౌంట్ మేనేజర్: కొరియర్ పికప్ బరువు ప్యానెల్‌లో ఉంటుందమ్మా, రిటర్న్ బరువు కూడా. రెండూ స్క్రీన్‌షాట్ తియ్యండి. ఎంత తేడా ఉంది?

కాలర్: వెళ్ళేటప్పుడు 780 అని ఉంది. వచ్చింది 530.

అకౌంట్ మేనేజర్: అయితే కథలా రాయకండి, నాలుగు ముక్కల్లో రాయండి. "ఏడబ్ల్యూబీ ఫలానా. పంపిన బరువు 780, తిరిగొచ్చిన బరువు 530. మా కవర్‌కి ఎడమ పక్క కోసి టేపు వేసి ఉంది, వీడియోలో ఇన్నో సెకను దగ్గర చూడండి. లోపలున్న చీర ఈ లిస్టింగ్‌లోది కాదు." ఆ కోత మీ వీడియోలో కనపడుతోందా?

కాలర్: కనపడుతోందండీ. పన్నెండో సెకను దగ్గర.

అకౌంట్ మేనేజర్: ఆ పన్నెండు రాయడం మర్చిపోకండి. మొత్తం వీడియో చూసే ఓపిక వాళ్ళకుండదు.