టైరు మీద చెయ్యి వేసి చూడండి

శ్రోతలకు నమస్కారం.

మాది నరసన్నపేట. ఉద్యోగం శ్రీకాకుళంలో. రోజూ హైవే మీద బండి మీదే వెళ్లి వస్తాను. ఆదివారం వస్తే అదే బండి మీద మా ఆవిడతో పాతపట్నం దగ్గర అత్తవారి ఊరికి ప్రయాణం. తిరిగి వచ్చేటప్పుడు ట్యాంకు మీద ఒక బియ్యం సంచి ఉండకపోదు.

రెండేళ్ల కిందట వెనక టైరు మార్చాల్సి వచ్చింది. నడిమధ్యన పట్టీలా నున్నగా అరిగిపోయింది, పక్కల బటన్లు, అంటే ఎత్తుగా ఉండే రబ్బరు ముక్కలు మాత్రం కొత్తవాటిలా నిలబడి ఉన్నాయి. టైరు మంచిది కాదేమో అన్నాను. పంక్చర్ షాపు పెద్దాయన నా వైపు చూసి, “టైరుది తప్పు నేదు బాబూ. తిన్నగా ఎల్తన్నావు, తిన్నగా వత్తన్నావు. గాలెంత కొట్టిత్తన్నావు?” అన్నాడు.

నలభై అన్నాను, కాస్త గొప్పగానే. గట్టిగా ఉంటే మైలేజీ వస్తుందని ఎవరో చెప్పగా విన్నాను మరి.

గాలి ఎక్కువైతే టైరు మధ్యలో ఉబ్బి, ఆ ఉబ్బు మీదే బండి నడుస్తుంది. తక్కువైతే మధ్య లోపలికి పోయి రెండు అంచులూ అరుగుతాయి. పైగా హైవేలో మలుపులు తక్కువ కాబట్టి గాలి సరిగ్గా ఉన్నా మధ్యభాగమే ముందు పోతుంది. అలా చదునైన టైరుతో మలుపు తిరిగితే బండి మొదట మొరాయిస్తుంది, అంచు దాటగానే ఒక్కసారిగా వాలిపోతుంది. నాకు ఆ అనుభవం వానలో అయింది, వివరాలు వద్దులెండి.

ఎంత గాలి ఉండాలో బండి మీద స్టిక్కరే చెబుతుంది. నా బండికి ముందు 25, వెనక ఒక్కణ్నే అయితే 28, ఇద్దరమైతే 36. ఇది పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పటి లెక్క. ఇరవై కిలోమీటర్లు నడిపి బంకులో చూపిస్తే మూడు, నాలుగు ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీయించేస్తే తెల్లారేసరికి టైరు మెత్తబడుతుంది.

ఇక బటన్ల మధ్య గీతల లోతులో అడ్డంగా చిన్న గట్టు ఉంటుంది. అది ఎక్కడుందో టైరు పక్కన చిన్న గుర్తు, కొన్నింటిపై టీడబ్ల్యూఐ అనే అక్షరాలు చూపిస్తాయి. బటన్లు అరిగి ఆ గట్టుతో సమానమైతే టైరు మార్చాల్సిందే. అరగకపోయినా పాతబడ్డ టైరు గట్టిపడుతుంది. పక్కన ఉండే నాలుగంకెలు చూడండి: 3121 అంటే 2021లో 31వ వారం తయారైందని.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పంక్చర్ షాపు పెద్దాయన ముందు చక్రం టైరు మీద నా అరచేయి పెట్టించాడు. ముందుకు రాస్తే నున్నగా ఉంది. వెనక్కి రాస్తే ప్రతి బటన్ అంచూ రంపం పళ్లలా చేతికి తగిలింది. కొన్నిచోట్ల చిన్న గుంటలు కూడా. గాలి తక్కువైనా, చక్రం బ్యాలెన్స్ తప్పినా అలా అవుతుంది. షాకులు, అంటే షాక్ అబ్జార్బర్లు అలసిపోయినా అవుతుంది. గతుకు మీద నుంచి లేచిన చక్రాన్ని షాకులో నూనె పట్టి ఆపాలి. అది కారిపోతే చక్రం రోడ్డు మీద తపతపా కొట్టుకుంటూ పోతుంది. నా ఫోర్కు, అంటే ముందు షాకు రాడ్డు మీద జిడ్డుగా నూనె చారలు ఉన్నాయి. సీలు, నూనె మార్పించాను. అది చెయ్యకుండా కొత్త టైరు వేసి ఉంటే దానికీ అదే గతి.

వెనక షాకుల మాటకొస్తే, చాలా బండ్లకు స్ప్రింగు కింద మెట్లలాంటి రింగు ఉంటుంది, సాధారణంగా అయిదు మెట్లు. టూల్ కిట్లో కొక్కెంలా వంగిన పానా దాని కోసమే. మా వీధిలో దాన్ని ఎవరూ ముట్టుకున్నట్టు లేదు, నేనూ ఏళ్ల తరబడి ముట్టుకోలేదు. మెట్టు పెంచితే స్ప్రింగు గట్టిపడుతుందనుకుంటారు. గట్టిపడదు. ముందే కొంచెం నొక్కి పట్టడం వల్ల బరువెక్కినా బండి మరీ కుంగకుండా నిలబడుతుంది.

ఎంత కుంగుతుందో టేపుతో కొలవొచ్చు. సెంటర్ స్టాండు వేసి, చక్రం గాలిలో ఉండగా ఇరుసు నుంచి సీటు కింద స్క్రూ దాకా కొలిచాను. దింపి, నేనెక్కి కూర్చున్నాక మా అబ్బాయి మళ్లీ కొలిచాడు. తేడా 28 మిల్లీమీటర్లు. చక్రానికి ఉన్న మొత్తం కదలికలో మూడోవంతుకు అటూ ఇటూ ఉంటే సరి, కాబట్టి అప్పటికే ఉన్న రెండో మెట్టు నాకు బాగానే ఉంది. మా ఆవిడా, సంచీ ఎక్కాక తేడా 52 అయింది! పాతపట్నం దారిలో గతుకు తగిలినప్పుడల్లా నడుం ఎందుకు విరిగేదో అప్పుడర్థమైంది. నాలుగో మెట్టుకు తిప్పితే 42కి వచ్చింది.

మొదటిసారి తొందరలో ఒకవైపు షాకే తిప్పి వదిలేశాను, బండి వంకరగా పోతున్నట్టు అనిపించింది. రెండు షాకులూ ఒకే మెట్టు మీద ఉండాలి. ఎత్తు మారితే హెడ్‌లైటు వెలుగు పడే చోటూ మారుతుంది, చెయిన్ బిగువు కూడా ఒకసారి చూసుకోండి.

సోమవారం పొద్దున మళ్లీ రెండో మెట్టుకు దించుతాను. మరిచిపోయిన వారం శ్రీకాకుళం చేరేదాకా ఖాళీ బండి మీద ఎగిరెగిరి పడుతూ వెళ్లాను.

సెలవు. నమస్కారం.