వాళ్ళకి కావాల్సింది మీ వయసే

అందరికీ నమస్తే. వెనక బెంచీల వాళ్ళు కాస్త ముందుకి రండి, నా చేతిలో ఉన్నది మీకు దగ్గరగా కనపడాలి. ఇదేంటో చెప్పండి చూద్దాం. పెన్ డ్రైవ్ అంటున్నారు కదా, నేనూ మొదటిసారి అలాగే అనుకున్నా. లాప్‌టాప్‌కి పెడితే చార్జింగ్ కూడా అవుతుంది. ఇది ఈ-సిగరెట్, లోపల ఉండేది నికోటిన్, పొగాకులో ఉండి మనిషిని బానిసని చేసేది అదే. ఇది ఖాళీదే, అయినా మూత తీస్తే ఇంకా మామిడిపండు వాసన వస్తోంది. పుస్తకాల మధ్య పెట్టేస్తే అమ్మకి కనపడదు, గుప్పిట్లో పెట్టుకుంటే టీచర్‌కి తెలీదు. ఏళ్ళ తరబడి సిగరెట్లు తాగేవాళ్ళు మానేయడానికే ఇవి అని చెప్తారు కానీ, ఈ ఆకారం, ఈ వాసన చూశాక నాకైతే ఆ మాట మీద నమ్మకం కుదరట్లేదు.

దీని వెనక ఉన్న వ్యాపారం లెక్క ఏంటో చెప్తా. పొగాకు వల్ల ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 70 లక్షల మందికి పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, కొంతమంది బతికుండగానే మానేస్తారు, అంటే పాత కస్టమర్లు రోజూ తగ్గిపోతూనే ఉంటారు, మరి ఆ ఖాళీ ఎవరితో నింపాలి? నలభై ఏళ్ళ మనిషి కొత్తగా మొదలుపెట్టడం చాలా అరుదు. అమెరికాలో రోజూ సిగరెట్ తాగే పెద్దవాళ్ళని అడిగితే ప్రతి 10 మందిలో దాదాపు 9 మంది మొదటి సిగరెట్ 18 నిండకముందే తాగారట. ఈ సంగతి సిగరెట్ కంపెనీలకి మనకంటే ముందే తెలుసు. 1981లో ఫిలిప్ మోరిస్ కంపెనీ లోపల తిరిగిన ఒక రిపోర్టులో, ఇవాళ్టి టీనేజరే రేపు మన రెగ్యులర్ కస్టమర్ అయ్యే అవకాశం ఉందని రాసుకున్నారు. కోర్టు కేసుల పుణ్యమా అని ఇలాంటి కాగితాలు లక్షల కొద్దీ బయటపడ్డాయి, ఎవరైనా చదువుకోవచ్చు.

ఇక ఒంటె బొమ్మ కథ. 1988లో అమెరికాలో ఆర్.జె. రేనాల్డ్స్ అనే సిగరెట్ కంపెనీ వాళ్ళు తమ యాడ్స్‌లోకి జో కామెల్ అని ఒక కార్టూన్ ఒంటెని దింపారు, నల్ల కళ్ళద్దాలు, నోట్లో సిగరెట్, ఎప్పుడు చూసినా ఫ్రెండ్స్ మధ్యలో మహా స్టైల్‌గా ఉంటుంది. 1991లో డాక్టర్లు చిన్నపిల్లల ముందు బొమ్మల కార్డులు పెట్టి ఏ బొమ్మ ఏ వస్తువుదో జత చేయమన్నారు. ఆరేళ్ళ పిల్లల్లో 91 శాతం మంది ఆ ఒంటెని తీసుకెళ్ళి సిగరెట్ బొమ్మ దగ్గర పెట్టారు! మిక్కీ మౌస్‌ని ఎంతమంది గుర్తుపట్టారో దీన్నీ దాదాపు అంతమందే గుర్తుపట్టారు. సరిగ్గా చదవడం కూడా రాని వయసు అది. మా యాడ్స్ పెద్దవాళ్ళ కోసమే అని కంపెనీ వాదిస్తూనే ఉంది, చివరికి 1997లో ఒంటెని తీసేసింది. మరుసటి ఏడాది 46 రాష్ట్రాలతో జరిగిన ఒప్పందంలో కార్టూన్లు, రోడ్ల మీద హోర్డింగులు అన్నీ బంద్ అయ్యాయి.

బంద్ అయితే ఆగిపోయారా అంటే లేదు, దారి మార్చారు. ఒకసారి ఒక షాపులో నేను మోకాళ్ళ మీద కూర్చుని, చిన్నపిల్లల ఎత్తు నుంచి కౌంటర్ వైపు చూశా. చాక్లెట్ల డబ్బా, దాన్ని ఆనుకునే రంగురంగుల సిగరెట్ ప్యాకెట్లు. లేచి నిలబడితే అవి అసలు నా కంట్లోనే పడలేదు. ఫోన్‌లో అయితే ఇంకా కష్టం, అక్కడ యాడ్ అని రాసి ఉండదు, మీ వయసువాళ్ళలా కనిపించే ఒకమ్మాయి నవ్వుతూ పొగ వదులుతుంది, అంతే. 2015లో జూల్ అనే ఈ-సిగరెట్ ఇలాగే యంగ్ మోడల్స్‌తో, పార్టీలతో, సోషల్ మీడియాతో మార్కెట్లోకి వచ్చింది, 2022లో పిల్లలకి మార్కెటింగ్ చేశారన్న ఆరోపణల మీద అమెరికాలో 30కి పైగా రాష్ట్రాలతో దాదాపు 44 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకుంది. కానీ ఈలోపు అలవాటైపోయిన పిల్లల సంగతేంటి, మెదడు 25 ఏళ్ళ దాకా ఎదుగుతూనే ఉంటుంది, ఆ వయసులో నికోటిన్ పట్టుకుంటే వదిలించుకోవడం నరకం.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇంకొకటుంది. ఫిలిప్ మోరిస్ వాళ్ళే 1998లో ఆలోచించండి, తాగకండి అని పిల్లలకి నీతి చెప్పే యాడ్స్ వేశారు. తర్వాత పరిశోధకులు చూస్తే, ఆ యాడ్స్ చూసిన పిల్లల్లో మున్ముందు తాగుతామేమో అనేవాళ్ళే ఎక్కువ తేలారు. నాకైతే ఆశ్చర్యం లేదు. ఇది పెద్దవాళ్ళ వస్తువు, నీకు వద్దు అని పదిహేనేళ్ళ పిల్లాడితో అంటే వాడికి వినపడేది పెద్దవాళ్ళ వస్తువు అన్న ముక్కే, వాడికి కావాల్సిందీ అదే, తొందరగా పెద్దవాడైపోవడం.

దానికి ఎదురుగా అమెరికాలోనే ట్రూత్ అనే పొగాకు వ్యతిరేక ప్రచారం నడిచింది, అందులో తాగొద్దు అన్న మాటే లేదు. 2000లో కుర్రాళ్ళు న్యూయార్క్‌లో ఒక సిగరెట్ కంపెనీ హెడ్డాఫీసు ముందుకి లారీల్లో శవాల సంచులు తెచ్చి పేవ్‌మెంట్ మీద గుట్టలుగా పేర్చారు, మొత్తం 1,200. పొగాకు వల్ల అప్పట్లో అమెరికాలో ఒక్కరోజులో పోతున్న ప్రాణాల లెక్క అది. ఒకడు మెగాఫోన్ పట్టుకుని ఆ సంఖ్య చెప్తుంటే పై అంతస్తుల కిటికీల్లోంచి ఉద్యోగులు కిందకి చూస్తున్నారు. ఆ వీడియో ఇప్పుడు ప్లే చేస్తా, ఆ లైట్లు కాస్త ఆపండి.