షెంజెన్ ఊరు చూశాక: యూరప్‌ని కలిపి ఉంచడంలో లక్సెంబర్గ్ పాత్ర ఎంత?

అందరికీ నమస్కారం. మన ఇళ్లల్లో ఎవరైనా యూరప్ బయల్దేరితే ముందు వినిపించే మాట షెంజెన్ వీసా. ఆ షెంజెన్ ఒక ఊరండీ! లక్సెంబర్గ్‌లో, మోసెల్ నది ఒడ్డున, ద్రాక్షతోటల కింద ఉన్న చిన్న పల్లె. ఈ రోజు రివ్యూ ఈ ఊరి గురించీ, యూరప్ ఐక్యతకు ఈ దేశం ముందుముందు ఏం చెయ్యగలదన్న దాని గురించీ.

ఇదిగో, ఈ వంతెన చూడండి. ఇవతల లక్సెంబర్గ్, అవతల జర్మనీలోని పెర్ల్. కాస్త ఎగువకు వెళ్తే ఫ్రాన్స్. మరి కింద పారే నీళ్లెవరివి? లక్సెంబర్గ్, జర్మనీలకు ఉమ్మడి. నది మధ్యలో సరిహద్దు గీత లేదు. 1985 జూన్ 14న ఇక్కడే, ప్రిన్సెస్ మారీ ఆస్ట్రిడ్ అనే పడవలో, తమ మధ్య సరిహద్దు తనిఖీలను మెల్లగా ఎత్తేద్దామన్న షెంజెన్ ఒప్పందంపై ఐదు దేశాలు సంతకాలు పెట్టాయి. అప్పటికి యూరప్ దేశాల కూటమిలో (ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కు ముందుది) పది దేశాలున్నా, ముందుకొచ్చింది సగమే. ఇప్పుడు ఆ షెంజెన్ ఏర్పాటులో 29 దేశాలు.

ఏడు లక్షల జనం కూడా లేని దేశం మాట ఎవరు వింటారని మీకు అనిపించొచ్చు. నేనైతే వినాలంటాను. ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియంల నుంచి రెండు లక్షలమందికి పైగా ఇక్కడికి పనికొచ్చి, సాయంత్రం ఇళ్లకు పోతారు. వాళ్లలో ఆస్పత్రి నర్సులున్నారు, కొట్లో పనిచేసేవాళ్లున్నారు. సరిహద్దులో అరగంట బండి ఆగితే ఆ దెబ్బ నేరుగా వాళ్లకే. 2024 సెప్టెంబరులో జర్మనీ తన భూసరిహద్దులన్నిటా తనిఖీలు పెట్టింది. లక్సెంబర్గ్ గట్టిగానే అభ్యంతరం చెప్పింది. పెద్ద దేశాలు ఎన్నికల భయంతో తలుపులు మూస్తుంటే, తెరిచి ఉంచమని అడిగే హక్కు ఈ దేశానికి ఉంది. ఆ తలుపుల మీదే బతుకుతోంది కాబట్టి. రేపటి యూరప్‌లో దీని అసలు పని ఇదేనని నా నమ్మకం.

ఒకటి మాత్రం నాకు నచ్చలేదు. పెద్ద కంపెనీలకు ఇక్కడ చేసిపెట్టిన పన్ను ఏర్పాట్లు 2014లో బయటపడ్డాయి. పక్క దేశాలకు రావాల్సిన పన్ను ఇలా జారిపోతుంటే ఐక్యత మాట చెల్లుతుందా? ఇది దిద్దుకోవాల్సిందే.

రావాలనుకునేవాళ్లకు: 2020 మార్చి నుంచి ఈ దేశంలో బస్సులకు టికెట్ లేదు. పెర్ల్‌లో రైలు దిగినా వంతెన మీదుగా నడిచి వచ్చేయొచ్చు. పాస్‌పోర్టు మాత్రం జేబులో ఉంచుకోండి.