మీ ఎరుపూ నా ఎరుపూ ఒకటేనా?

[తెర మీద: పసుపు అద్దాల కళ్లజోడులోంచి కనిపిస్తున్న గది. చెయ్యి వచ్చి కళ్లజోడు తీసేస్తుంది.]

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. సామెత బాగానే ఉంది కానీ, కామెర్లొస్తే పచ్చబడేది కంటి తెల్లగుడ్డు, చూపు కాదు. మరి ఒకే వస్తువు ఇద్దరికి రెండు రకాలుగా కనిపించడం నిజంగా ఉందా? ఉంది. దాన్ని తన కళ్లలోనే పట్టుకున్నవాడు, పరమాణు సిద్ధాంతం పాఠంలో మనం చదువుకున్న జాన్ డాల్టన్.

[జెరేనియం పువ్వు. ముందు పగటి వెలుతురులో, తర్వాత కొవ్వొత్తి వెలుగులో.]

పగటిపూట ఈ పువ్వు డాల్టన్‌కి ఆకాశనీలంగా కనిపించేది. 1792లో ఒకసారి కొవ్వొత్తి వెలుగులో చూస్తే ఎర్రగా ఉంది, నీలం జాడే లేదు! స్నేహితులకు చూపిస్తే రంగేమీ మారలేదన్నారు. ఆయనలాగే చూసినవాడు ఒక్క తోడబుట్టినవాడే.

1794లో మాంచెస్టర్‌లో దీని మీద ప్రసంగించాడు. ఆయన ఊహ దాదాపు మన సామెతే: తన కంట్లో ద్రవం నీలంగా ఉండి ఎరుపుని మింగేస్తోందని. నేను పోయాక కళ్లు తీసి చూడండని చెప్పి మరీ పోయాడు. 1844లో ఒక డాక్టర్ ఆ పని చేశాడు. కంట్లో ద్రవాన్ని గాజుపళ్లెంలో పోస్తే నీళ్లలా తేటగా ఉంది. అక్కడితో ఆగలేదు. కంటి వెనకభాగం కోసేసి, అందులోంచి ఎరుపు, ఆకుపచ్చ వస్తువుల్ని చూశాడు. (అవును, మీరు విన్నది నిజమే. నాకూ ఒళ్లు జలదరించింది.) తేడా ఏమీ లేదు.

[రెటీనా బొమ్మ. మూడు రకాల కణాల్లో ఒక రకం ఆరిపోతుంది.]

దాచిపెట్టిన కంటి ముక్కలోంచి డీఎన్‌ఏ తీసి పరీక్షించిన ఫలితం 1995లో వచ్చింది. రంగుల్ని గుర్తించడానికి మన రెటీనాలో, అంటే కంటి వెనక వెలుతురుని పట్టుకునే పొరలో, మూడు రకాల కోన్ కణాలుంటాయి. డాల్టన్‌కి అందులో మధ్యరకానికి కావలసిన జీన్ లేదు. కెమెరా భాషలో చెప్పాలంటే లెన్స్ బాగానే ఉంది, లోపం సెన్సార్‌లో.

నాలుకలూ అంతే. పీటీసీ అనే పొడి ల్యాబ్‌లో గాల్లోకి లేస్తే పక్కనున్నాయన చేదు భరించలేకపోయాడట. ఆ పొడి తయారుచేస్తున్న కెమిస్ట్ ఆర్థర్ ఫాక్స్‌కి మాత్రం ఏ రుచీ తెలియలేదు. అదీ జీన్ల పనే.

[2015 నాటి ఆ డ్రెస్ లాంటి బొమ్మ.]

కళ్లు శుభ్రంగా ఉన్నవాళ్లూ పోట్లాడుకున్నారు, గుర్తుందా? ఒక డ్రెస్ ఫొటో. కొందరికి నీలం-నలుపు, కొందరికి తెలుపు-బంగారం. వస్తువు రంగు తేల్చడానికి మెదడు ముందు వెలుతురు రంగుని లెక్కగట్టి తీసేస్తుంది. డ్రెస్ నీడలో ఉందనుకున్న మెదడు నీలాన్ని తీసేసి తెల్లగా చూపిస్తుంది. పసుపు దీపం కింద ఉందనుకున్నది పసుపుని తీసేసి నీలంగా చూపిస్తుంది. ఇదంతా మనల్ని అడక్కుండానే జరిగిపోతుంది. అసలు డ్రెస్ నీలం-నలుపే. ఆ సంగతి తెలిసి కూడా నాకింకా తెల్లగానే కనిపిస్తోంది, ఏం చేయను!

[బంతిపువ్వు, పక్కన ఊదా పువ్వు. రంగులు తారుమారవుతాయి.]

ఇవన్నీ పరీక్షకు దొరికే తేడాలు. దొరకనిది ఒకటుంది. 17వ శతాబ్దంలో జాన్ లాక్ అనే ఇంగ్లిష్ తత్వవేత్త అడిగాడు: నాకు ఊదా పువ్వు కనిపించే తీరులో మీకు బంతిపువ్వు కనిపిస్తుంటే? చిన్నప్పుడు ఇద్దరికీ అదే బంతిపువ్వు చూపించి పసుపని నేర్పారు. మాటల్లో తేడా బయటపడదు. డాల్టనే పాతికేళ్లు దాటేదాకా పట్టుబడలేదు.

అంత పూర్తిగా తారుమారు కావడం కుదరదని వాదించేవాళ్లూ ఉన్నారు. పసుపు ఎప్పుడూ వెలుగ్గా, ఊదా ముదురుగా ఉంటాయి కాబట్టి ఎక్కడో ఒకచోట దొరికిపోతారని. నాకు ఈ వాదన నచ్చింది కానీ, సగమే. ఎందుకంటే ఆ డాక్టర్ చూసింది డాల్టన్ కంట్లోంచే అయినా, రెటీనా మాత్రం తనదే.