రక్తంలో జింక్, రాగి, సెలీనియం: ఆ అంకెలు కేన్సర్ గురించి ఏం చెబుతాయి?

[దృశ్యం: తెల్లవారుజాము, విశాఖ ఫిషింగ్ హార్బర్. పడవల నుంచి గంపల్లోకి కవళ్లు, కానాగంతలు దించుతున్నారు.]

వ్యాఖ్యాత: నమస్కారం. మా పిన్ని పెదజాలారిపేటలో ఉంటుంది. న్యుమోనియాతో పది రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చిన వారానికే, ఒక ల్యాబులో ప్యాకేజీ రక్తపరీక్ష చేయించుకుంది. రిపోర్టులో జింక్ పక్కన కిందికి బాణం గుర్తు, రాగి పక్కన పైకి బాణం గుర్తు ఉన్నాయి. ఈ రెండూ ఇలా తారుమారైతే కేన్సర్ వస్తుందని ఫోన్‌లో ఎవరో పంపిన వీడియోలో విన్నదట. ఆ కాగితం నా చేతిలో పెట్టి, "ఇది దానికి గుర్తేనా బాబూ?" అని అడిగింది. జబ్బు పేరు పలకడానికి కూడా ఆమెకు నోరు రాలేదు. ఈ వీడియో ఆమెకు నేను చెప్పిన జవాబే.

[దృశ్యం: రిపోర్టు కాగితం దగ్గరగా. రెండు బాణాలు.]

ఆ మాట పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. నోటి కేన్సర్, రొమ్ము కేన్సర్ వంటి జబ్బులున్నవారి రక్తంలో రాగి ఎక్కువగానూ జింక్ తక్కువగానూ ఉన్నట్టు అనేక అధ్యయనాలలో కనిపించింది. అయితే వాటిలో చాలావరకు జబ్బు బయటపడిన తరువాత తీసిన రక్తం మీద చేసినవే. రక్తంలోని రాగిలో అధికభాగం సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుని తిరుగుతుంది. ఒంట్లో ఎక్కడ వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నా కాలేయం ఈ ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది, దానితోపాటే రక్తంలో రాగి అంకె పెరుగుతుంది. అదే సమయంలో కాలేయం జింక్‌ను రక్తంలోంచి తనలోకి లాక్కుంటుంది. న్యుమోనియాలోనూ ఇదే జరుగుతుంది, కేన్సర్ గడ్డ చుట్టూ వాపు ఉన్నప్పుడూ ఇదే జరుగుతుంది. గర్భంతో ఉన్నప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడు కూడా రాగి పెరుగుతుంది. అంటే ఆ బాణాలు జబ్బును తెచ్చినవి కాకుండా, జబ్బు గీసినవి అయివుండవచ్చు.

జింక్ విషయంలో ఇంకొక చిక్కు ఉంది. పెద్దవారి ఒంట్లో సుమారు 2 నుంచి 3 గ్రాముల జింక్ ఉంటే, అందులో రక్తద్రవంలో తిరిగేది 0.1 శాతం మాత్రమే. మిగిలినదంతా కండరాలలో, ఎముకలలో, ఇతర కణాలలో ఉంటుంది. భోజనం చేశాక ఆ కొద్దిపాటి అంకె కూడా తగ్గుతుంది. సూక్ష్మ ఖనిజాల పరీక్షకు ముదురు నీలం మూత ఉన్న ప్రత్యేకమైన గొట్టం వాడాలి, ఎందుకంటే మామూలు గొట్టాల రబ్బరు మూత నుంచే జింక్ రక్తంలో కలిసే అవకాశం ఉంది. పరగడుపున తీశారా, ఏ గొట్టంలో తీశారు అని అడిగితే పిన్నికి గుర్తు లేదు. ఎవరికి మాత్రం గుర్తుంటుంది!

[దృశ్యం: ప్రయోగశాలలో అతిచల్లగా నిల్వచేసి వరుసలుగా పేర్చిన రక్తనమూనాలు.]

కారణమేదో, ఫలితమేదో తేలాలంటే ఆరోగ్యంగా ఉన్నవారి రక్తాన్ని ముందే తీసి భద్రపరిచి, ఏళ్ల తరబడి వారిని గమనించాలి. అంతకన్నా గట్టి రుజువు కావాలంటే కొందరికి ఆ ఖనిజాన్నీ, కొందరికి ఉత్తుత్తి మాత్రనూ ఇచ్చి చూడాలి. ఇలా అన్నిటికన్నా ఎక్కువగా పరీక్షించి చూసిన ఖనిజం సెలీనియం. కణాలను ఆక్సీకరణ దెబ్బ నుంచి కాపాడే గ్లుటాథయోన్ పెరాక్సిడేజ్ వంటి ఎంజైములు ఇది లేకుండా పనిచేయవు.

చైనాలోని హెనాన్ రాష్ట్రంలో లిన్షియాన్ అనే ప్రాంతం ఉంది. అక్కడ అన్నవాహిక, జీర్ణాశయ కేన్సర్లు ఎంతో ఎక్కువ; ప్రజల తిండిలో అనేక పోషకాలు తక్కువ. 1986 నుంచి 1991 వరకు దాదాపు 30,000 మందికి వేర్వేరు పోషకాల మేళవింపులు ఇచ్చి చూశారు. సెలీనియం, బీటా కెరోటిన్, విటమిన్ ఇ కలిపి తీసుకున్నవారిలో జీర్ణాశయ కేన్సర్ మరణాలు 21 శాతం తగ్గాయి. మూడూ కలిపి ఇచ్చారు కనుక ఆ ఘనత సెలీనియం ఒక్కదానిదే అనలేము. తరువాత అమెరికాలో, అంతకుముందు చర్మ కేన్సర్ వచ్చిన 1,312 మందికి జరిపిన పరీక్ష ఫలితాలు 1996లో వెలువడ్డాయి. రోజుకు 200 మైక్రోగ్రాముల సెలీనియం చర్మ కేన్సర్‌ను ఆపలేదు కాని, ప్రోస్టేట్ (మగవారికి మూత్రాశయం కింద ఉండే గ్రంథి) వంటి ఇతర కేన్సర్లు తగ్గినట్టు కనిపించింది. సెలీనియం గోళీల మీద ఆశ పెరిగింది ఇక్కడే.

ఆ ఆశ నిజమో కాదో తేల్చడానికి 2001లో సెలెక్ట్ అనే పరీక్ష మొదలైంది. 35,533 మంది పురుషులు పాల్గొన్నారు; వారికి సెలీనియం, విటమిన్ ఇ విడిగా గాని, కలిపి గాని, లేదా ఉత్తుత్తి మాత్ర గాని ఇచ్చారు. 2008లో దాన్ని మధ్యలోనే ఆపవలసి వచ్చింది, ఎందుకంటే సెలీనియం వల్ల ప్రోస్టేట్ కేన్సర్ తగ్గలేదు. 2011లో చూస్తే విటమిన్ ఇ ఒక్కటే తీసుకున్నవారిలో ఆ కేన్సర్ 17 శాతం పెరిగింది. మొదటినుంచీ ఒంట్లో సెలీనియం పుష్కలంగా ఉన్నవారు ఇంకా మాత్రలు వేసుకోగా, వారిలో తీవ్రమైన ప్రోస్టేట్ కేన్సర్ ముప్పు పెరిగినట్టు 2014లో తేలింది.

నా దృష్టిలో ఈ మొత్తం కథకు కీలకం ఇక్కడే ఉంది. ఎంజైములకు కావలసినంత సెలీనియం అందిన తరువాత, ఎంత పోసినా వాటి పని పెరగదు. ఎండిన మడికి నీరు ప్రాణం, నిండిన మడికి అదే నీరు పంటను కుళ్లబెడుతుంది. భారత వైద్య పరిశోధన మండలి సూచించిన రోజువారీ సెలీనియం 40 మైక్రోగ్రాములే. చేప, గుడ్డు, రొయ్య తినేవారికి అది తిండిలోనే అందుతుంది. పంజాబ్‌లో నేలలో సెలీనియం మితిమీరిన కొన్ని పల్లెలలో జుట్టు రాలడం, గోళ్లు ఊడిపోవడం చూశారు. ఎక్కువ మోతాదు జింక్ నెలల తరబడి మింగినా నష్టమే: రాగి లోపించి, రక్తహీనత, కాళ్ల తిమ్మిర్లు రావచ్చు.

[దృశ్యం: తీరప్రాంత పల్లె. అరుగు మీద కూర్చున్న వృద్ధురాలి చేతిలో చుట్ట.]

మన తీరంలో రక్తంలోని ఖనిజాల గురించి భయపడవలసినదేదైనా ఉంటే, దాని పేరు కాడ్మియం అని నేను గట్టిగా అంటాను. ఒంటికి దీనితో ఏ పనీ లేదు. పొగాకు మొక్క దీన్ని నేలలోంచి పీల్చి ఆకులో దాచుకుంటుంది, పొగతోపాటు అది ఊపిరితిత్తులకు, అక్కడి నుంచి రక్తానికి చేరి, మూత్రపిండాలలో దశాబ్దాలు తిష్ఠ వేస్తుంది. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషులకు కేన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో పెట్టింది. పొగాకు పొగలోని ఎన్నో విషాలలో ఇది ఒకటి మాత్రమే.

ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, చుట్ట నిప్పు కొసను నోటి లోపల పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది. దాన్ని అడ్డపొగ అంటాము. దానివల్ల అంగిలికి కేన్సర్ వస్తుందని 1957లోనే మన వైద్యులు రాశారు. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మందిని పరీక్షించిన అధ్యయనం 1971లో వెలువడింది. నా చిన్నప్పుడు మా అమ్మమ్మ అలా కాల్చేది. పిన్నికీ ఇరవై ఏళ్లుగా ఆ అలవాటు ఉంది.

అందుకే ఆమె చేతిలోని కాగితం మడిచిపెట్టి, నోరు తెరవమన్నాను. సెల్‌ఫోన్ లైటుతో చూస్తే అంగిలి వెనకభాగంలో తెల్లటి మచ్చ, మధ్యలో చిన్న ఎర్రటి చుక్కలు. అదే వారం విశాఖలోని కేజీహెచ్‌కు, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రికి, తీసుకువెళ్లాను. ముక్క తీసి పరీక్ష చేశారు. కేన్సర్ లేదు. చుట్ట ఆపి, మూడు నెలలకొకసారి చూపించుకోమన్నారు. న్యుమోనియా పూర్తిగా తగ్గాక పరగడుపున మళ్లీ చేయించిన జింక్ పరీక్షలో, మాత్ర ఒక్కటీ వేసుకోకుండానే, బాణం గుర్తు పోయింది. మీ ఇంట్లో ఎవరికైనా చుట్ట, గుట్కా, కిళ్లీ అలవాటు ఉండి, నోట్లో తెల్లమచ్చ గాని, రెండు వారాలకు మానని పుండు గాని కనిపిస్తే, కేజీహెచ్‌కో అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రికో వెంటనే తీసుకువెళ్లండి. ల్యాబు ప్యాకేజీ కోసం ఆగవద్దు.

[దృశ్యం: హార్బర్. ఖాళీ అయిన గంపలు కడుగుతున్న చేతులు.]